తాళం తిప్పిన చెయ్యి

సుక్రు చేతికట్టు విప్పిన రోజున అతని పెళ్ళాం కృపావతికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మొదలంటా లేవు. బొటనవేలూ చిటికెనవేలూ మాత్రం ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. నర్సు గాయాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా మానిందమ్మా" అంది. ఆ మాటకి కూడా కృపావతికి ఒళ్ళు మండింది. నర్సుతో గొడవ పెట్టుకుని లాభమేముందని నోరు మూసుకుంది గాని, బస్సు చింతపల్లి చేరేదాకా పళ్ళు కొరుకుతూనే ఉంది. పక్కన సుక్రు తువ్వాలు చేతికి చుట్టుకుని కిటికీలోంచి మిరియాల పాదుల్ని చూస్తూ కూర్చున్నాడు.

సుక్రుది పాత డీజిల్ జీపు. చింతపల్లికీ తమ ఊరు ఈతలబందకీ మధ్య మనుషుల్నీ మూటల్నీ మోస్తుంది. పద్నాలుగు కిలోమీటర్ల దారి. సగంలో నల్లగెడ్డ అనే వాగు అడ్డం. దానిమీద వంతెన లేదు. ఎండల్లో పాదాలు తడుస్తాయి, వానల్లో మోకాళ్ళు దాటి వస్తాయి నీళ్ళు. అంత నీళ్ళలోకి జీపు దిగితే, ఇంజను ముందు తిరిగే రేకు ఫ్యాను నీళ్ళను కొడుతుంది. నీళ్ళు ఎదురు తన్నితే రేకు వంగి రేడియేటర్లో గుచ్చుకుంటుంది. ఒకసారి రేడియేటరు చిల్లి పడిందంటే బండి కొండెక్కదు. అందుకని వానాకాలమంతా సుక్రు గెడ్డ ఒడ్డున ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యానును తిప్పే బెల్టును వదులు చేసి తీసేసేవాడు. అవతలి ఒడ్డున మళ్ళీ ఎక్కించేవాడు. పదేళ్ళుగా అదే పని.

శ్రావణంలో ఒకరోజు, ఆ పని మధ్యలో ఉండగా ఇంజను కదిలింది. బెల్టుకీ దాని చక్రానికీ మధ్య సుక్రు వేళ్ళు నలిగిపోయాయి.

ఆ రోజు బండిలో ముగ్గురే ఉన్నారు. ముందు సీట్లో నర్సీపట్నం సావుకారు కృష్ణమూర్తి. ఏటా ఈతలబంద కాఫీ, మిరియాలు కొనేది ఆయనే. తోటల్లో కాపు చూసుకోవడానికి వస్తున్నాడు. వెనక సీట్లో రాజులమ్మ అనే ముసలావిడ. మూడో మనిషి ఫల్గుణ, గెడ్డ లోతు చూడటానికి కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. అరుపు విని వెనక్కి తిరిగేసరికి సుక్రు బురదలో కూలబడి ఉన్నాడట.

"ఇంజను ఆపకుండానే చెయ్యి పెట్టాడు. నేను వద్దంటూనే ఉన్నాను" అన్నాడు కృష్ణమూర్తి, ఆసుపత్రిలో వివరాలు రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబులుతో. రాజులమ్మని అడిగితే తాను కునుకు తీస్తున్నానంది. ఫల్గుణ తాను చూడలేదన్నాడు, అది నిజమే. కాగితం మీద 'డ్రైవరు అజాగ్రత్త' అని పడింది.

"నాను ఇంజను ఆపినాను. ఆ సావుకారే తాళం తిప్పినాడు. ఇంజను దగ్గింది, నాను ఇన్నాను" అన్నాడు సుక్రు, మత్తు దిగాక. ఊళ్ళో పెద్దలు కూర్చుని ఆ మాట విన్నారు. నొప్పిలో ఉన్న మనిషికి ఏం గుర్తుంటుందన్నారు. సావుకారు రాకపోతే పంట కొనేదెవరన్నారు. జరిగిందేదో జరిగిపోయిందని లేచి పోయారు.

అంతవరకూ అయితే కృపావతి కోపం ఊరి మీదే ఉండేది. కాని ఆసుపత్రిలో మూడోరోజు తాను కూడా ఒకమాట అడిగింది. "మావా, నిజంగా ఇంజను ఆపినావా?" అని. సుక్రు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు ఆమెకి కళ్ళు మూసుకున్నా కనిపిస్తూనే ఉంది. అందుకే ఎవరిమీద కోపం వచ్చినా అది తిరిగి తిరిగి తనమీదికే వచ్చేది.

* * *

"బండి అమ్మేద్దాం" అన్నాడు సుక్రు, భాద్రపదం చివర్లో.

"అమ్మను."

"ఎవుడు నడుపుతాడే?"

"నాను నడుపుతాను. నువ్వే గదా నేర్పినావు. లైసెన్సు తీయించినావు గదా, పెట్టిలో దాసుకోడానికా?"

"గెడ్డ కాడ బెల్టు ఎవుడు తీత్తాడు? నువ్వు తీత్తావా?" అంటూ సుక్రు తువ్వాలు విప్పి చెయ్యి ఆమె ముఖం ముందు పెట్టాడు.

కృపావతి ఆ చేతిని పక్కకి తొయ్యలేదు. "తియ్యను. తియ్యక్కర్లేకుండా సేయిత్తాను" అంది.

మర్నాడు తనే జీపు నడుపుకుంటూ చింతపల్లి దిగింది. గెడ్డలో ఆ వారం నీళ్ళు తక్కువగా ఉన్నాయి కాబట్టి బెల్టు ముట్టుకునే పని పడలేదు. బజారు చివర రేకుల షెడ్డులో మెకానిక్కు ప్రేమ్‌కుమార్ ఉంటాడు. కృపావతికి తమ్ముడి వరస.

"తమ్ముడూ, ఈ ఫ్యాను పీకీ. కార్లకి ఉంటాది సూడు, కరెంటు ఫ్యాను, అది పెట్టు."

ప్రేమ్‌కుమార్ తల గోక్కున్నాడు. "పెట్టొచ్చక్కా. బెల్టు ఉంటాది గాని, అది నీళ్ళ పంపునీ బ్యాటరీకి కరెంటిచ్చే డైనమోనీ తిప్పుకుంటాది, అంతే. ఫ్యాను దాని దారిన అది బ్యాటరీ మీద తిరుగుతాది. గెడ్డ కాడ స్విచ్చి ఆపేస్తే ఫ్యాను ఆగిపోద్ది. ఎవరూ బానెట్ ఎత్తక్కర్లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"అడగనేదు గదా మీరు."

ఆ మాటకి కృపావతి కళ్ళు నిప్పులు కురిశాయి. "ప్రతీ వానాకాలం ఈ షెడ్డుకి వచ్చి కొత్త బెల్టు కొనుక్కెళ్ళినాడు మావ. గెడ్డ కాడ ఏటి సేత్తాడో నీకు తెల్సు. అడగాలా? మూడు వేళ్ళు పోయినాక అడగాలా?"

ప్రేమ్‌కుమార్ తల దించుకున్నాడు. వారం తిరక్కుండా నర్సీపట్నం పాతసామాన్ల కొట్టునుంచి ఒక చిన్న కారు ఫ్యాను తెచ్చి, దానిని పట్టే చట్రం తనే వెల్డింగు చేశాడు.

పని జరిగేరోజు సుక్రు కూడా వచ్చాడు, కాని షెడ్డు బయట రాయిమీద కూర్చుని అటు తిరిగాడు. రేడియేటరు దించడం, పాత ఫ్యాను నాలుగు బోల్టులూ విప్పడం ప్రేమ్‌కుమార్ మొదలుపెట్టాడు. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుంది. ఎంత లాగినా కదల్లేదు. పాన తిరుగుతోంది గాని బోల్టు తల అరిగిపోతోంది. చాలాసేపటికి సుక్రు లేచి వచ్చాడు.

"అట్టా తిప్పితే తల ఊడిపోద్ది. కొంచెం డీజిలు పొయ్యి. పొయ్యి, ఆగు." ఎడంచేత్తో పాన అందుకున్నాడు. బిగించాడు. మొదటిసారి జారింది. రెండోసారి కుడిచేతి రెండు వేళ్ళతో పాన చివర ఆనించి, ఎడంచేత్తో ఒక్క గుంజు గుంజాడు. బోల్టు కిర్రుమంది.

రేకు ఫ్యాను బయటికొచ్చింది. కృపావతి దాన్ని రెండు చేతులా ఎత్తి షెడ్డు వెనక బండల్లోకి విసిరికొట్టింది. అది టంగుటంగుమంటూ దొర్లిపోయింది. అక్కడికీ చాలక వెళ్ళి రాయి తీసుకుని రేకుల్ని బాదుతోంటే సుక్రు అరిచాడు.

"ఫ్యానేటి సేసిందే నిన్ను? తాళం తిప్పినోడిని వొగ్గేసి ఆ రేకు మీద పడతావేటి?"

కృపావతి చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. చేతికి తెల్లగా దుమ్ము అంటుకుంది. రాయి కింద పారేసి వచ్చింది.

కొత్త ఫ్యాను బిగించాక ప్రేమ్‌కుమార్ స్విచ్చి వేశాడు. గిర్రున తిరిగింది. రేడియేటరు ముందు ఒక పాత కాగితం పెట్టాడు. ఫ్యాను గాలిని లోపలికి పీలుస్తుంటే కాగితం రేడియేటరుకి అతుక్కోవాలి. అతుక్కోకపోగా ఎగిరి కృపావతి ముఖానికి తగిలింది.

"ఇదేటి?"

"ఎనక్కి తిరుగుతన్నాదక్కా. వైర్లు అటుదిటు పడినాయి."

"కొండ మధ్యలో ఇంజను ఉడికిపోయి నలుగురూ గెడ్డలో పడితే అప్పుడు కూడా ఇట్టాగే సెప్తావా, అటుదిటు పడినాయని?"

"అందుకే గదక్కా కాగితం పెట్టి సూత్తన్నాను." ప్రేమ్‌కుమార్‌కి కూడా కోపం వచ్చింది. "నీ కోపం నా మీద కాదు. నాకు తెల్సు. కాని నా మీదే పడతన్నాది."

 వాడు రెండు వైర్లూ మార్చి కట్టాడు. ఈసారి కాగితం టప్పున అతుక్కుంది.

"ఇంకో మాట అక్కా. కార్లలో ఇది వేడిని బట్టి దానంతట అదే తిరుగుతాది. ఇంజను ఆగి ఉన్నా సరే, తాళం వేసి ఉంటే సాలు. అట్టా పెట్టమంటావా?"

"వొద్దు. స్విచ్చి నా సేతికింద ఉండాల. వేడి సూపించే ముల్లు నా కంటికి ఎదురుగా ఉండాల. నాను వేత్తే తిరగాల, నాను ఆపితే ఆగాల. ఎవడూ నా బండిలో ఏదీ తిప్పకూడదు."

అట్లాగే పెట్టాడు. ఆ రోజునుంచి ఆమెకి ఒక అలవాటయింది. బండి దిగితే, రెండడుగుల దూరమైనా సరే, తాళం తీసి జాకెట్లో వేసుకునేది.

* * *

మొదట్లో ఆడమనిషి నడిపే బండి ఎక్కడానికి జనం వెనకాడారు. రెండు వానలు పడి, మిగతా జీపులు గెడ్డ ఒడ్డున బానెట్లు ఎత్తుకుని నిలబడి ఉంటే, కృపావతి స్విచ్చి ఆపి మొదటి గేరులో నిదానంగా దాటేసి, అవతలి ఒడ్డున స్విచ్చి వేసుకుని వెళ్ళిపోవడం చూశాక ఎవరూ వెనకాడలేదు. సంత రోజున ఆమె బండికోసమే కాచుకునేవాళ్ళు.

కార్తీకంలో తుఫాను పట్టింది. రెండురోజుల ముసురు. కాఫీ పళ్ళు ఎరుపు తిరిగే వేళ. ఆ ఉదయం పదింటికి చింతపల్లిలో ఫల్గుణ, రాజులమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెనక కూర్చున్నారు. ఇంజను స్టార్ట్ చేయబోతుంటే గొడుగు ముడుచుకుంటూ కృష్ణమూర్తి వచ్చి, అడగకుండానే ముందు సీట్లో ఎక్కాడు.

"ఈ వానకి వేరే బండ్లేవీ రానంటున్నాయమ్మా. సుక్రు ఎలా ఉన్నాడు?"

కృపావతి దిగమందామనుకుంది. వెనక కూర్చున్నవాళ్ళు ఆయన పంట కొంటాడని ఎదురుచూసేవాళ్ళు. దింపితే బండి బండంతా తనమీదికే లేస్తుంది. ఇంజను స్టార్ట్ చేసి గేరు వేసింది. ఆయన తన ఫోను తీసి, చార్జరు గుచ్చుకుని, సీటుకి జారబడ్డాడు.

నల్లగెడ్డ ఎర్రగా పారుతోంది. ఒడ్డున బండి ఆపి, తాళం తీసుకుని, కర్ర పట్టుకుని దిగింది కృపావతి. నాలుగు చోట్ల కర్ర గుచ్చి చూసింది. మోకాలి మీదికి జానెడు. దాటొచ్చు. తిరిగొచ్చేసరికి కృష్ణమూర్తి చిరాకు పడుతున్నాడు.

"తాళం ఎందుకమ్మా పట్టుకుపోతావు? ఫోను చార్జింగు ఆగిపోయింది. అవతల లారీవాడితో మాట్లాడాలి."

"నా బండి తాళం నా కాడే ఉంటాది."

"ఇప్పుడేం భయం? ఆరోజంటే మీ ఆయన చెయ్యి బెల్టులో ఉంది. చార్జింగుకని తాళం ఒక్క మెట్టు తిప్పబోతే రెండు మెట్లు తిరిగింది. ఇప్పుడక్కడ చెయ్యీ లేదు, ఆ ఫ్యానూ లేదు గదా!"

వాన చప్పుడు, గెడ్డ చప్పుడు.  తానేమన్నాడో కృష్ణమూర్తికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. చూపు కృపావతి చేతిలో కర్రమీద పడింది.

"ఏటన్నావు?" అంది కృపావతి.

"అదే... మీ ఆయన అనుకునేదే నేను చెప్తున్నాను. అలా అనుకుంటున్నాడు గదా అని..."

వెనకనుంచి ఫల్గుణ లేచాడు. "సావుకారూ, ఆ దినం ఇంజను ఆడతానే ఉన్నాదని సెప్పినావు గదా పోలీసుకి? ఆడతన్న ఇంజనుకి తాళం ఎందుకు తిప్పినావు?"

"నువ్వు కూర్చోరా. నీకేం తెలుసు?"

"నాకు తెల్సు," అంది రాజులమ్మ.

అందరూ ఆమెవైపు తిరిగారు. ముసలామె సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని ఉంది. "నాను నిద్దరోనేదు. ఈయన ముందుకి వొంగి తాళం తిప్పినాడు. నాను సూసినాను. బండి ఊగింది. సుక్రు అరిసినాడు. ఈయన తాళం మల్లా ఎనక్కి తిప్పేసినాడు. నా అల్లుడు ఈయన గోడౌన్లో పని సేత్తన్నాడు. నోరెత్తితే వాడి పని పోద్దని ఊరుకున్నాను."

కృపావతికి కర్ర ఎత్తి ఆ నున్నటి ముఖం మీద ఒక్కటి వెయ్యాలని, ఆపైన ఆ ముసలామె నెత్తిన ఇంకొకటి వెయ్యాలని ఒళ్ళంతా తహతహలాడింది. మూడు నెలలు! మూడు నెలలు వీళ్ళిద్దరూ అన్నం తిన్నారు, సంతకి వెళ్ళారు, నిద్రపోయారు. ఇంట్లో తన మొగుడు అన్నం ముద్ద ఎడంచేత్తో ఎత్తుకోవడం నేర్చుకుంటూ, అబద్ధాలకోరు అనిపించుకుంటూ కూర్చున్నాడు.

కర్రను గెడ్డలోకి విసిరేసింది. చేతిలో ఉంటే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

"దిగు."

"ఇంత వానలోనా? చూడమ్మా, పొరపాటు జరిగింది, కావాలని చేశానా? ఆసుపత్రి ఖర్చేదైనా ఉంటే..."

"దిగు."

"దిగితే మళ్ళీ మీ ఊరికి రాను. ఒక్క గింజ కొనను. ఆలోచించుకో. మీరందరూ ఆలోచించుకోండి!"

 ఫల్గుణ దిగి వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. కృష్ణమూర్తి గొడుగు తెరుచుకుంటూ బురదలో కాలు పెట్టాడు. కృపావతి చార్జరు పీకి ఫోనుతో సహా ఆయన చేతిలో పెట్టింది.

గెడ్డ దాటలేదు. బండిని వెనక్కి తిప్పింది.

"ఎక్కడికే?" అంది వెనకనుంచి ఒకామె.

"పోలీస్ స్టేషనుకి. ముసిల్ది రేపటికి మల్లా నిద్దరపోతాది. ఇప్పుడే సెప్పాల."

ఒక మలుపు ముందు కృష్ణమూర్తి నడిచిపోతూ కనిపించాడు. బండి చప్పుడు విని చెయ్యెత్తాడు. కృపావతి ఆపలేదు, వేగం కూడా తగ్గించలేదు. గుంటలోని ఎర్రనీళ్ళు లేచి ఆయన తెల్లచొక్కా మీద పడ్డాయి. వెనక ఎవరో నవ్వబోయి, అద్దంలో కృపావతి ముఖం చూసి ఆపుకున్నారు.

* * *

స్టేషన్లో ఎస్సై మొదట విసుక్కున్నాడు, తరవాత విన్నాడు. ఫల్గుణ ఒక వాంగ్మూలం, రాజులమ్మ ఒక వాంగ్మూలం. ఆడవాళ్ళిద్దరూ కూడా తాము విన్నది చెప్పారు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని ఎస్సై అడిగినప్పుడు రాజులమ్మ మళ్ళీ అల్లుడి సంగతి ఎత్తింది. కృపావతి గోడకి ఆనుకుని నిలబడి ఆమె వేలిముద్ర వెయ్యడం చూసింది. నల్లసిరా అంటిన ఆ బొటనవేలిని కొంగుకి తుడుచుకుంటుంటే, ఆమె పదివేళ్ళూ కుదురుగా ఉన్నాయనిపించి, చూడలేక బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి సుక్రుకి చెప్పింది. అతను పొయ్యిదగ్గర కూర్చుని విన్నాడు.

"ఏటన్నాడు? ఆయనన్న మాట అట్టాగే సెప్పు."

చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. ఆ తర్వాత, "నాను ఆపినాను గదా ఇంజను" అన్నాడు, ఆమెతో కాదు, పొయ్యితో అన్నట్టు.

"ఆపినావు మావా. నాను అడక్కుండా ఉండాల్సింది."

 "అడిగినావు" అన్నాడు సుక్రు.  క్షమించాడనీ లేదు, క్షమించలేదనీ లేదు. పుల్ల ఒకటి ఎడంచేత్తో పొయ్యిలోకి తోశాడు.

'డ్రైవరు అజాగ్రత్త' అన్న పాత కాగితం కొట్టేసి కొత్త కేసు కట్టారు. కృష్ణమూర్తి పొరపాటున తిప్పానని ఒప్పుకున్నాడు. కేసు కోర్టులో వాయిదాలమీద నడుస్తోంది. రాజులమ్మ అల్లుడి పని ఆ వారమే పోయింది. ఇప్పుడతను ఊళ్ళోనే కాఫీ పళ్ళు ఏరుతున్నాడు. సావుకారు చెప్పినట్టే ఆ ఏడు ఈతలబందకి రాలేదు. ఆయన బదులు ఎవరూ రాలేదు. ఊరివాళ్ళు కాఫీ బస్తాలు జీపుకెత్తి చింతపల్లి తీసుకెళ్ళి అమ్ముకోవాల్సి వచ్చింది. కొందరికి అదే బాగుంది. కొందరు మాత్రం కృపావతి నోటిదురుసు వల్లే ఇంటిముందుకి వచ్చే బేరం పోయిందని ఆమె వినేలాగే అంటారు. ఆమె వింటుంది. బస్తాలు ఎక్కించుకుంటుంది. తూకం తేడా వస్తే కొట్టువాడితో ఆ అన్నవాళ్ళ తరఫునే గొడవపడుతుంది.

సుక్రు ప్రేమ్‌కుమార్ షెడ్డుకి వెళ్తున్నాడు. గెడ్డ దారిలో తిరిగే ఇంకో ఆరు జీపులకి కరెంటు ఫ్యాన్లు పెట్టాలి. ఎక్కడ ఏ బోల్టు బిగుసుకుంటుందో అతనికి తెలుసు. చెయ్యి చూసి జాలిపడేవాళ్ళని తిడతాడు. పని నేర్చుకునేవాళ్ళని ఇంకా ఎక్కువ తిడతాడు.

రాజులమ్మ ప్రతి సంతకీ కృపావతి బండే ఎక్కుతుంది. వేరే బండి ఎక్కొచ్చు, ఎక్కదు. వెనక అదే చోట కూర్చుని, కాసేపటికి "అమ్మీ" అని పిలుస్తుంది. కృపావతి పలకదు. ముసలామె మోకాళ్ళ నొప్పితో ఎక్కలేక తడబడుతుంటే దిగివెళ్ళి చంకల కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెడుతుంది. ఆమె మూట లోపల పడేస్తుంది. మళ్ళీ వచ్చి ముందు కూర్చుంటుంది. జాకెట్లోంచి తాళం తీసి తిప్పుతుంది.